బీరువాలో దాస్తే వైన్ అమృతం కాదు బాబూ

మళ్లీ వచ్చింది ఆ వాట్సాప్ మెసేజ్. పొద్దున్న సోంపేట నుంచి మా బావ పంపాడు, మధ్యాహ్నం విజయనగరం కాలేజీ బ్యాచ్ గ్రూపులో కనబడింది, రాత్రికి అపార్ట్‌మెంట్ గ్రూపులోకి దిగింది. "1982 బోర్డో రెడ్ వైన్‌లను పక్కపక్కన పెట్టి రుచి చూసిన నిపుణులు తేల్చిన నిజాలు" అని మొదలై అయిదు పాయింట్లు, చివర దండం బొమ్మ. బోర్డో అంటే వైన్‌కు పేరుపడ్డ ఫ్రాన్స్ ప్రాంతం, 1982 అంటే ద్రాక్ష పండిన ఏడాది. దుబాయ్ హోటల్లో కొన్నేళ్లు వైన్ గది చూసుకున్నవాణ్ని కదా, "నిజమేటి?" అని అందరూ నన్నే అడుగుతున్నారు.

"ఏ రెడ్ వైనైనా పాతబడేకొద్దీ అమృతమవుతుంది." ఒకే ఏడాది సీసాలు పోల్చారని మీరే అన్నారు. అంటే అన్నిటి వయసూ ఒకటే. మరి వయసు వల్లే రుచి పెరిగిందని ఆ పోలికలో ఎలా తేలింది? అలాంటి రుచి పరీక్షలో తెలిసేది వేరే సంగతి. బోర్డోలో పేరుమోసిన ఎస్టేటు లాటూర్ వారి అదే ఏటి వైన్ ఇంకా బలంగా ఉంటుంది, పక్కనున్న మామూలు ఎస్టేటు సీసా ఎప్పుడో చప్పబడిపోయి ఉంటుంది. 1982లో ఎండ బాగా కాసి ద్రాక్ష నిండుగా పండింది, ఆ పేరు అందుకే. వయసే గొప్పయితే 1977 బోర్డో ఇంకో అయిదేళ్లు పెద్దది. చలికి దెబ్బతిన్న ఆ పంటను ఎవరూ వెతుక్కోరు. తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే వగరు దండిగా ఉంటేనే వైన్ ఏళ్లు తట్టుకుంటుంది. ఆ వగరు నెమ్మదిగా మెత్తబడుతుంది, పండు వాసన తగ్గి తోలు, పొగాకు, తడి మట్టి వాసనలు పైకొస్తాయి. ఆ వగరే లేనిదాన్ని దాచి ఏం లాభం? లోకంలో చేసే వైన్‌లో ఎక్కువ భాగం కొన్నేళ్లలో తాగేయడానికే.

"కొని బీరువాలో నిలబెట్టండి, పిల్ల పెళ్లినాటికి లక్షలు." 12, 13 డిగ్రీల చల్లదనం, చీకటి, కార్క్ ఎండకుండా సీసాను పడుకోబెట్టడం, ఇవన్నీ దశాబ్దాల పాటు తప్పకుండా జరగాలి. మన మే నెల, మన కరెంటు! హుద్‌హుద్, తిత్లీ తుఫాన్ల రోజులు మరిచిపోయారా?

"సారమంతా అడుగు మడ్డిలోనే, ఊపి తాగాలి." ఊపండి. నోరంతా చేదు, ఇసుక. తర్వాతది చూద్దాం.

"రోజూ రాత్రి పాత రెడ్ వైన్ ఓ గ్లాసు పుచ్చుకుంటే గుండె బ్లాకులు కరుగుతాయి, కిడ్నీలు కడిగినట్టవుతాయి." దీన్ని కిడ్నీ జబ్బులతో అల్లాడే మన ఉద్దానానికి పంపడానికి చేతులెలా వచ్చాయి? అక్కడి కవిటి, కంచిలి వైపు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) అనే మాట బడి మొహం చూడని ముసలమ్మకీ తెలుసు. ఏళ్లుగా పరిశోధిస్తున్నా ఆ జబ్బుకు కారణం ఇదీ అని తేలలేదు. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సి వచ్చింది. డయాలసిస్ మనిషికి మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు. అలాంటాయన ఫోనుకి మీ గ్లాసు వైద్యం! గుండె కథేమో 1991లో ఒక అమెరికా టీవీ కార్యక్రమంతో ఊపందుకుంది: ఫ్రెంచివాళ్లు వెన్న తిన్నా గుండెపోట్లు తక్కువట, రెడ్ వైన్ పుణ్యమట. జబ్బుచేసి తాగుడు మానేసినవాళ్లను కూడా "తాగనివాళ్ల" లెక్కలో కలిపేస్తే, తాగేవాళ్లు ఆరోగ్యంగా కనబడరా మరి? మద్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1988లోనే చెప్పింది. ఎంత తాగినా సురక్షితమనే మోతాదు లేదని 2023 జనవరిలో ఆ సంస్థే తేల్చింది. సీసా పాతదైతే ఆల్కహాల్ ఏమైనా సన్యాసం పుచ్చుకుంటుందా? బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దాయన దీన్ని నమ్మి ఆ మాత్రలు మానేస్తే బాధ్యత ఎవరిది, దండం బొమ్మదా?

చివరిది: "రుచి చూసే నిపుణులంతా లేబుల్ చూసి పొగిడేవాళ్లే." మీ నిజాలన్నీ ఆ నిపుణులే తేల్చారన్న సంగతి పక్కనపెడదాం. ఇందులో చాలా నిజముంది. 1976లో పారిస్‌లో లేబుళ్లు కప్పి పోయిస్తే ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వారి 1973 స్టాగ్స్ లీప్‌కు రెడ్ వైన్లలో మొదటి స్థానం ఇచ్చారు. పాతబడితే మా వైన్లే నిలుస్తాయని ఫ్రెంచివాళ్లు సర్దిచెప్పుకున్నారు. 2006లో అవే వైన్లు మళ్లీ తెరిస్తే మొదటి అయిదు స్థానాలూ కాలిఫోర్నియావే. అంతకంటే ఘోరం పాత వైన్ల పేరుతో నకిలీలు అమ్మిన రూడీ కుర్నియావాన్ కథ. ఫ్రాన్స్‌లో వైన్ చేసే పోన్సో కుటుంబం 1980ల ముందు చేయనే చేయని ఒక వైన్‌ను 1945 నాటిదని వేలానికి పెట్టి దొరికిపోయాడు, 2014లో పదేళ్ల శిక్ష పడింది. అప్పటికే అతని నకిలీ సీసాలు తెరిచి ఆహా ఓహో అన్న కోటీశ్వరులు బోలెడు.