కాకిబంగారం నుంచి మొదలుపెట్టవచ్చు

శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున మన ఊళ్లలో మిద్దెలు నిండిపోతాయి. సూళ్లూరుపేట, నాయుడుపేటల సంగతి సరేసరి, ఆకాశం తేటగా ఉంటే నెల్లూరు నుంచి కూడా ఆ తెల్లని పొగచార కనిపిస్తుంది. 2022లో జిల్లాలు విడిపోయి అక్కడి రాకెట్ కేంద్రం షార్ తిరుపతి జిల్లాలోకి వెళ్లినా ఇక్కడివారి మమకారం తగ్గలేదు. పొగ చెదిరిపోయాక అందరం కిందికి దిగి పనుల్లో పడతాం. పైకి చేరిన పరికరానికి మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఏళ్ల తరబడి సాగే ఆ కొలతల పని గురించి ఈ రోజు మాట్లాడదలచాం.

2011 మే 16న ఎండీవర్ వ్యోమనౌక ఏడున్నర టన్నుల పరికరాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మోసుకెళ్లింది. దాని పేరు ఆల్ఫా మాగ్నెటిక్ స్పెక్ట్రోమీటర్. నోబెల్ గ్రహీత శామ్యూల్ టింగ్ నాయకత్వంలో తయారైంది. అంతరిక్షం నుంచి విశ్వకిరణాల రూపంలో దూసుకొచ్చే కణాలను ఒక్కొక్కటిగా పట్టి, మామూలు పదార్థమేదో, ఆవేశం తిరగబడిన కణాలతో ఏర్పడే ప్రతిపదార్థమేదో తేల్చడం దాని ప్రధానమైన పని. నడుమ పెద్ద అయస్కాంతం ఉంటుంది. ఎలక్ట్రాన్ అందులోంచి పోతూ ఒక పక్కకు వంగితే, దాని ప్రతికణమైన పాజిట్రాన్ రెండో పక్కకు వంగుతుంది. తొమ్మిది వరసల సిలికాన్ రేకులు ఆ వంపును వెంట్రుక మందం కన్నా తక్కువ తేడాతో పట్టుకుంటాయి.

చిక్కంతా ప్రోటాన్లతోనే. వాటిదీ ధనావేశమే కాబట్టి పాజిట్రాన్ వంగిన వైపే వంగుతాయి. ఒక్క పాజిట్రాన్ వచ్చేలోగా వేల ప్రోటాన్లు వచ్చి పడతాయి. కళ్లంలో మొలగొలుకుల రాశి పోసి అందులో కలిసిన ఒకే ఒక్క వేరే గింజను ఏరమన్నట్టే. అందుకే అందులో జల్లెడ మీద జల్లెడ పెట్టారు. అడుగున సీసం రేకులు, సన్నని కాంతి తంతువులు పేర్చిన దిమ్మె ఉంటుంది. అక్కడ పాజిట్రాన్ చెదిరే తీరు వేరు, ప్రోటాన్ చెదిరే తీరు వేరు.

ఈ పని నేల మీద ఎందుకు చేయలేమంటే, మన నెత్తిన గాలి ఉంది. బయటి నుంచి వచ్చే కణం ఎక్కడో పైనే గాలి అణువులను ఢీకొని ముక్కలవుతుంది. ఆ ముక్కల నుంచి పుట్టిన మ్యూయాన్లు, అంటే ఎలక్ట్రాన్‌ను పోలిన బరువైన కణాలే ఎక్కువగా మనదాకా దిగివస్తాయి. చదువుతూ మీరు చాపిన అరచేతిలోంచి సెకనుకు ఒకటి చొప్పున అవి ఇప్పుడు కూడా పోతూనే ఉన్నాయి.

ఆ పరికరం వెనుక ఉన్న ఓపిక మమ్మల్ని కదిలించింది. కల్పనా చావ్లాను పొట్టనపెట్టుకున్న 2003 కొలంబియా ప్రమాదం తర్వాత నౌకల ప్రయాణాలు కుదించినప్పుడు దీనికి చోటు దక్కలేదు. అదనంగా ఒక ప్రయాణం కావాలని 2008లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేస్తే గాని దారి తెరుచుకోలేదు. మొదట ద్రవ హీలియంతో చల్లబరిచే బలమైన అయస్కాంతాన్ని సిద్ధం చేశారు. ఆ హీలియం మూడేళ్లకు మించి రాదు. 2010లో, అంతా అయిపోయిందనుకున్న దశలో, దాన్ని తీసేసి బలం తక్కువైన శాశ్వత అయస్కాంతాన్ని బిగించారు. బలం కన్నా ఆయుష్షే మేలనుకున్నారు. ఆ తర్వాత చల్లబరిచే పంపులు పాడైతే, అంతరిక్షంలో విప్పడానికి వీలుగా తయారుచేయని ఆ యంత్రానికి 2019 నవంబరు నుంచి 2020 జనవరి దాకా నాలుగుసార్లు వ్యోమగాములు బయటికి వచ్చి స్టీలు గొట్టాలు కోసి కొత్త పంపులు అమర్చారు.

ఫలితమేమిటి? అధిక శక్తి దగ్గర పాజిట్రాన్లు అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉన్నాయి. 2006లో ఎగిరిన పామెలా అనే పరికరం మొదట చూపిన ఈ పెరుగుదలను ఇది మరింత కచ్చితంగా కొలిచింది. అవి గిర్రున తిరిగే మృత నక్షత్రాలైన పల్సార్ల నుంచి వస్తున్నాయా, కంటికి కనిపించని కృష్ణపదార్థం నుంచి వస్తున్నాయా అన్నది ఇంకా తేలలేదు. హీలియంకు ప్రతిపదార్థ రూపమైన ప్రతిహీలియం అనిపించే కొన్ని గుర్తులు దొరికినా, నిర్ధారణ కాలేదని ఆ బృందం దాన్ని ఆవిష్కరణగా ప్రకటించలేదు. పేరు వచ్చే అవకాశం గుమ్మంలో నిలబడినా లెక్క సరిపోయేదాకా ఆగడం మామూలు విషయం కాదు.

ఆ అంతరిక్ష కేంద్రం 2030 దాకా నడుస్తుందని అంచనా. మన దేశం 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం నిర్మిస్తానంటోంది. అందులో విశ్వకిరణాలను కొలిచే ఒక పరికరానికి చోటు ఇప్పుడే కేటాయించాలని మేము కోరుతున్నాం. ఇలాంటి పరికరం చేతికి రావడానికి పదిహేనేళ్లయినా పడుతుంది. అప్పుడు దాని ముందు కూర్చునేవారు ఈ రోజు ఒంగోలులోనో, ఆత్మకూరులోనో, కనిగిరిలోనో హైస్కూలు చదువుతున్న పిల్లలు. వారిలో ఎంతమంది ఏదైనా ఒకదాన్ని తమ చేత్తో కొలిచారు? ఇంటర్లో ప్రయోగాల రికార్డు నిరుటివారి పుస్తకం చూసి నింపడం ఎంత మామూలైపోయిందో ప్రతి ఇంటికీ తెలుసు.

సైదాపురం, గూడూరు ప్రాంతాల పిల్లలకు కాకిబంగారం ఆటవస్తువు. గోటితో గీరితే పొర మీద పొరగా విడివడే ఆ అభ్రకపు రేకు, రేడియోధార్మిక కణాలను లెక్కపెట్టే గైగర్ కౌంటర్ గొట్టానికి కిటికీగా పనికొస్తుంది. లోపలికి పోవలసిన కణాన్ని ఆపనంత పలుచగా అది చీలుతుంది. ఆ రేకులో పొటాషియం ఉంది. అందులో అతి స్వల్ప భాగం రేడియోధార్మికం. అది క్షీణిస్తూ ఎప్పుడో అరుదుగా ఒక పాజిట్రాన్‌ను విడుస్తుంది. ప్రతిపదార్థం మన మట్టిలోనూ పుడుతోందన్నమాట!

ఒక గాజుపెట్టె, ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ, కింద డ్రై ఐస్ మీద నల్లని పళ్లెం. కణాలు పోయిన దారిని పొగమంచు గీతగా చూపే పెట్టె ఇది; 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను మొదట చూసిన క్లౌడ్ చాంబర్‌కు వారసురాలే. దీపం ఆర్పి పక్క నుంచి టార్చి వేస్తే, పొగమంచులో తెల్లని నూలుపోగుల్లాంటి గీతలు మెరిసి మాయమవుతాయి. ఖర్చు కొన్ని వేల రూపాయలు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలకు వచ్చే విద్యా సంవత్సరంలోగా ఒక పెట్టె ఇవ్వాలి. ఆ గదికి చీకటి చేసే తెర, డ్రై ఐస్‌కు ఏటా కొంత సొమ్ము కూడా ఇవ్వాలి. నిమిషానికి ఎన్ని గీతలు పడ్డాయో పిల్లలు తామే లెక్కపెట్టి, వచ్చిన అంకెనే రికార్డులో రాయాలి. పక్కవాడి అంకెతో అది కలవకపోయినా మార్కులు కోయకూడదు.