సైకిల్‌పతి ఉదయగిరి దండయాత్ర

పూర్వం మన రాజులు మూడు రకాలు. ఏనుగులున్నవాడు గజపతి, గుర్రాలున్నవాడు అశ్వపతి, కాల్బలం ఉన్నవాడు నరపతి. ఇప్పుడు నెల్లూరు జిల్లాలో నాలుగో రకం బయల్దేరాడు. నెత్తిన హెల్మెట్, మోకాళ్ళకు తొడుగులు, కళ్ళకు పచ్చ అద్దాలు, కింద ఇరవైతొమ్మిది అంగుళాల చక్రాల మౌంటెన్ బైకు. సైకిల్‌పతి. ఆదివారం తెల్లారుజామున కారు వెనక సైకిలు కట్టుకుని ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు వచ్చి ఉదయగిరిలో దిగుతాడు. కొండ చుట్టూ మట్టిదారుల్లో తొక్కి, ఆ తర్వాత కోట ఎక్కాలని ఆయన పథకం.

ఈ కోట అంత తేలిగ్గా లొంగే రకం కాదు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడిస్తే 1514లో గానీ ఒడిశా గజపతుల చేతిలోంచి ఊడిరాలేదు. ఏడాదిన్నర పట్టింది. పైకెళ్ళే దారి ఒకడి వెనక ఒకడు తప్ప పోలేనంత ఇరుకని, రాయలు బండలు పగలగొట్టించి దారులు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. అంత దండును ఆపడానికి మూడు వేల అడుగుల కొండ, దాని మీద గోడలు, బురుజులు కావలసి వచ్చాయి. సైకిల్‌పతిని ఆపడానికి ఒక్క ముల్లు చాలు.

ఆ ముల్లు చిల్లచెట్టుది. సర్కారు తుమ్మ అని కూడా అంటారు. చెట్టు మీదున్నంతసేపు దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. మేకలదొడ్డికనో, కయ్యకు అడ్డంగానో, బొగ్గుల బట్టీకనో కంప కొట్టి ఈడ్చుకుపోతారు చూడండి, ఆ ఈడ్చిన జాడ వెంట రాలిన ముళ్ళతోనే తంటా. నాలుగు రోజులు ఎండితే మట్టి రంగులో కలిసిపోతాయి. అందుకే దారి పక్కన మెత్తగా, నున్నగా కనిపించే మట్టి మీదికి పోకూడదు. ట్రాక్టరు చక్రం నలిపిన గాడిలోనే, ఎగుడుదిగుడైనా, తొక్కాలి. అక్కడి ముళ్ళు చాలావరకు ముందే విరిగి ఉంటాయి. సైకిల్‌పతికి నున్నటి మట్టి అంటే ప్రాణం. కాబట్టి కొండ చుట్టూ తిరగడం మొదలైన అరగంటలో వెనక చక్రం ‘స్స్’ అంది.

ట్యూబు లేని టైరు వాడేవాళ్ళకు ఈ బాధ తక్కువ. లోపల సీలెంట్ ద్రవం ఉంటుంది కనక, ముల్లు పీకి బొక్క కిందికొచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగితే అదే మూసుకుంటుంది. ఈ సైజు టైరుకి వంద మిల్లీలీటర్లు పోస్తారు. అయితే మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఎండి, టైరు లోపల పాలమీగడలా అట్టకడుతుంది. సంక్రాంతికి పోయించి, రోహిణి కార్తెలో దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. సైకిల్‌పతికి ఈ గొడవ లేదు. ఆయనది ట్యూబు టైరు. పైగా స్పేర్ ట్యూబు కూడా తెచ్చుకున్నాడు. అక్కడే అసలు కథ మొదలైంది.

ట్యూబు వాల్వులు మూడు రకాలు. మన పాత సైకిళ్ళది డన్లప్ రకం, లోపల రబ్బరు వాల్‌ట్యూబు ఉంటుంది. మోటారు సైకిలుది లావుపాటి ష్రేడర్. కొత్తరకం సైకిళ్ళలో కొన్నిటికి సన్నటి ప్రెస్టా. ప్రెస్టా రిమ్ముకి బొక్క ఆరున్నర మిల్లీమీటర్లు, ష్రేడర్‌కి ఎనిమిదిన్నర. సైకిల్‌పతి రిమ్ము ప్రెస్టాది. ఆన్‌లైన్‌లో నలభై రూపాయలు తక్కువని ఆయన తెప్పించిన స్పేర్ ట్యూబుది ష్రేడర్ వాల్వు. రెండు మిల్లీమీటర్లే కదా అని నొక్కి చూశాడు. తిప్పి నొక్కాడు. ఉమ్ము రాసి నొక్కాడు. తర్వాత సైకిలు నడిపించుకుంటూ ఊళ్ళో చెట్టుకింద సైకిల్ షాపుకి చేరాడు.

షాపు పెద్దాయన వక్క నములుతూ అద్దాలు సర్దుకున్నాడు.

“ఏందబ్బయ్యా, యాడ నుంచొస్తుండావు?”

“నెల్లూరు నుంచి తాతా. గాలి పోయింది.”

“ఇదేంది, వాల్వు అగరబత్తి పుల్లలాగుంది? దీనికి గాలి యాడ కొట్టాల?”

“పైన చిన్న మర ఉంది కదా తాతా, అది వదులు చేసి కొట్టాలి. దానికి ఇత్తడి అడాప్టర్ ఉంటుంది, అది తొడిగితే ఏ పంపైనా పడుతుంది.”

“సరే, తొడుగు.”

“ఇంట్లో ఉంది.”

గోరంత ఉండే ఆ ఇత్తడి ముక్క ఇంట్లో బీరువాలో ఎంత భద్రంగా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కొన్న రోజే సీటు కింది సంచిలో పడేసి, దాన్ని మర్చిపోవాలి. సరే, పంక్చరు వేస్తే గానీ గాలి సంగతి రాదు కదా అని పెద్దాయన చక్రం విప్పమన్నాడు. వెనక చక్రం విప్పేముందు గొలుసు అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదికి దించుకోవాలి, లేకపోతే తిరిగి ఎక్కించేటప్పుడు రెండు చేతులూ చాలవు. ఇది సైకిల్‌పతికి తెలుసు. చక్రం చక్కగా బయటికొచ్చింది. ఈలోగా చుట్టూ పిల్లలు మూగారు. అందులో ఒక బుడ్డోడు హ్యాండిలు మీది బ్రేకు లివర్ పట్టుకుని, ఎంత మెత్తగా ఉందో అనుకుంటూ నాలుగుసార్లు నొక్కాడు.

డిస్కు బ్రేకుల సైకిలుకి చక్రం బయట ఉన్నప్పుడు లివర్ నొక్కరాదు. మధ్యలో చక్రంతో తిరిగే డిస్కు లేదని, దాన్ని రెండు పక్కలా పట్టే ప్యాడ్లకు తెలియదు, ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, ఆయిలు బ్రేకులైతే మళ్ళీ వెనక్కి పోవు. చక్రం తీయగానే అట్టముక్క మడిచి ప్యాడ్ల మధ్య దూర్చిపెడితే బుడ్డోళ్ళు ఎంత నొక్కినా ఫర్వాలేదు. తెలిసినవాడి జేబులో పాత అగ్గిపెట్టె అట్ట ఉంటుంది. సైకిల్‌పతి జేబులో ఎనర్జీ జెల్ ఉంది.

ఇక టైరు ఊడదీయాలి. టైరు అంచుని మీటి తీసే పుల్లలు, టైరు లివర్లు, కూడా ఆ బీరువాలోనే ఉన్నాయి. పెద్దాయన స్క్రూడ్రైవర్ ఇవ్వబోయాడు. దాంతో తీస్తే టైరు వస్తుంది, ట్యూబుకి ఇంకో రెండు కొత్త బొక్కలూ వస్తాయి. ఆ క్షణంలో సైకిల్‌పతి వీపుసంచి గలగలమంది. ఊళ్ళో దిగగానే అత్తగారికని కొన్న ఉదయగిరి చెక్కచెంచాలు, అరడజను. నర్ది చెక్కతో నున్నగా చెక్కినవి, భౌగోళిక గుర్తింపు ఉన్నవి. చెంచా కాడ సన్నగా ఉంటుంది, అంచులు గుండ్రం, ట్యూబుని కొరకదు. ముందు టైరుని చుట్టూ బొటనవేళ్ళతో రిమ్ము మధ్య లోతులోకి నొక్కితే రెండో పక్క అంచు వదులవుతుంది. అప్పుడు వాల్వుకి దూరంగా ఒక కాడ దూర్చి, జానెడు అవతల ఇంకో కాడ దూర్చి మీటాలి. రెండో చెంచా విరిగింది. మూడోదానికి టైరు ఊడింది. నాలుగోదాని వెడల్పు వైపు ప్యాడ్ల మధ్య దూర్చి మెల్లగా అటూఇటూ నొక్కితే అవీ విడిపోయాయి. ఈ పనికి చెంచా కొత్తదై ఉండాలి. పచ్చడి నూనె తగిలిన చెంచా పెడితే ప్యాడ్లు పాడై, బ్రేకు వేసినప్పుడల్లా గాడిద ఓండ్రపెట్టినట్టు అరుస్తుంది.

తర్వాత పనంతా పెద్దాయనదే. ట్యూబుకి నోటితో గాలి ఊది నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు చూశాడు. రెండు చోట్ల వచ్చాయి. టైరు లోపల దూదిముక్కతో చుట్టూ తుడిచాడు. ముల్లు కొస ఉన్నచోట దూది తగులుకుంటుంది. వేలితో తడిమితే ముల్లు దొరుకుతుంది, వేలూ తెగుతుంది. ఒక ముల్లు పీకి సంబరపడి బిగించేసి, రెండోదాని కోసం మళ్ళీ విప్పినవాళ్ళు కోకొల్లలు. గరుకుకాగితంతో గీకి, సొల్యూషన్ పలుచగా రాసి, ఐదు నిమిషాలు పక్కన పెట్టాడు.

“అంటించు తాతా, టైమైపోతోంది.”

“గమ్మునుండు. తడిమీద అంటిస్తే మళ్ళీ రావాల్సి వస్తాది. ఆరాల.”

అదే సరైన పద్ధతి. వేలు పెడితే అంటీ అంటనట్టుండాలి, అప్పుడు ప్యాచ్ వేసి గట్టిగా నొక్కాలి.

మిగిలింది గాలి. పెద్దాయన ఆ ప్రెస్టా వాల్వు మీది ప్లాస్టిక్ మూతను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. వక్కలు కత్తిరించే అడకత్తెర తీసి దాని కొస టక్కున కొరికాడు. వాల్వు మీది మర వదులు చేసి, ఆ మూతను తలకిందులుగా బిగించి, పక్కనున్న మోటారు సైకిల్ పంక్చర్ షాపు గొట్టం దాని మీద నొక్కిపెట్టాడు. గాలి లోపలికి పోయింది. కొంచెం పక్కకీ పోయింది, కానీ పోయింది. ఇంగ్లీషు వీడియోల్లో కుర్రాళ్ళు కత్తితో అరగంట తంటాలుపడి చూపించే చిట్కా ఇదే. పెద్దాయనకు అడకత్తెర చాలింది.

పంక్చర్ షాపు కుర్రాడికి ఉత్సాహం ఎక్కువ, లారీ టైరు అనుకున్నాడేమో రాయిలా అయ్యేదాకా కొట్టాడు. రాళ్ళదారికి ఈ టైరులో ముప్పై, ముప్పై ఐదు పౌండ్లు చాలు. అంతకు మించితే ప్రతి గులకరాయీ నడుముకి లెక్క చెబుతుంది. సగం గాలి వదిలారు.

అప్పటికి పదకొండు దాటింది. కొండ పెనంలా కాగుతోంది. పై దారి మెట్లూ బండలే గనక సైకిలు ఎటూ కిందే తాళం వేసి పోవాలి, నడిచి పోవాలన్నా చల్లపొద్దునే ఎక్కాలి. నిమ్మకాయ సోడాలో ఉప్పు వేయించుకు తాగి సైకిల్‌పతి వెనక్కి తిరిగాడు. వచ్చే ఆదివారం సీతారామపురం మీదుగా భైరవకోన, ఎనిమిది గుహాలయాలు చూడాలని కొత్త పథకం కూడా వేశాడు. ఆ దారి పొడుగునా చిల్లచెట్లే.

అత్తగారికి అరడజనులో ఐదు చెంచాలు చేరాయి. అందులో ఒకదాని వెడల్పంతా నల్లగా ఉంది. అదే ఉదయగిరి పనితనమని ఆవిడ దాన్ని పాయసం గిన్నెలో వేసింది.