1634కీ 1649కీ మధ్య ఉన్న ఖాళీ గారికి

మహారాజశ్రీ ఖాళీ గారికి, స్టుట్‌గార్ట్ దగ్గర్నుంచి ఒక అల్లుడు నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, పదిహేనేళ్లు ఎవరి కంటా పడకుండా హాయిగా ఉన్నారు.

నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా మీకే సమర్పించుకున్నాను. మామగారి 80వ పుట్టినరోజుకి వంశవృక్షం గీసిస్తానని నోరు జారాను కదా, ఆన్‌లైన్‌లో చూడ్డానికి నెల పాస్ కొని, వాళ్ల పూర్వీకుల ఊళ్లో పుట్టుకలూ చావులూ రాసిపెట్టిన చర్చి రిజిస్టర్ స్కాన్లు ఒక్కొక్కటే తిప్పుకుంటూ 1634 ఆగస్టు దాకా వచ్చాను. తర్వాతి పేజీ 1649. కొత్త పాస్టరు, కొత్త చేతిరాత, మధ్యలో ఏమైందో ఒక్క ముక్క లేదు.

కుర్రెంట్ అనే ఆ పాత జర్మన్ చేతిరాతలో 'e'కీ 'n'కీ తేడా తెలియక కళ్లు పోయాయి, పోనీండి. మగపిల్లలందరూ యోహాన్‌లే, మనకీ ఇంటికో వెంకటేశ్వర్లు ఉన్నాడు, అదీ సర్దుకుంటాను. ముప్పై ఏళ్ల యుద్ధంలో ఆ సెప్టెంబరున నోర్డ్‌లింగన్ దగ్గర స్వీడన్ వాళ్లు ఓడిపోయారనీ, చక్రవర్తి సైన్యం మా ఈ వుర్టెంబర్గ్ ప్రాంతం మీద పడిందనీ, వెనకే ప్లేగు వచ్చిందనీ నాకూ తెలుసు. కానీ ఆ పదిహేనేళ్లూ ఊళ్లో పిల్లలే పుట్టలేదా, పుట్టినా రాసేవాడు లేడా, రాసిందే కాలిపోయిందా? మూడింటికీ మీ జవాబు ఒకటే, తెల్లకాగితం.

ఇంతకీ మామగారి వంశంలో 1698 నవంబరులో పోయిన ఓ ముసలాయన పేరు పక్కన వయసు 58 ఏళ్ల 4 నెలల 11 రోజులని రాసి ఉంది. వేళ్ల మీద లెక్కేస్తే 1640 వేసవి. అంటే నీ కడుపులోనే పుట్టాడు! ఈ ఊళ్లోనే పుట్టాడా, లేక యుద్ధం అయ్యాక ఖాళీ అయిన ఊళ్లకి స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్లలో ఒకడా? అమ్మెవరు? రోజులతో సహా వయసు లెక్క దొరికింది గానీ కన్నతల్లి పేరు దొరకదా? ఆ ఒక్క పేరు చెప్పవయ్యా, చచ్చి నీ కడుపున పుడతాను!

(మా ఇంట్లో తద్దినానికి మూడు తరాల పేర్లు చెప్పడానికే నాన్న చీటీ చూసుకుంటాడు, అది వేరే సంగతి.)

రాత్రి పడుకునే ముందు మళ్లీ ఆ ఆఖరి పేజీ తెరిచాను. అన్నీ ఖననాలే. పైన వరసలు తీరుగా ఉన్నాయి, కిందకి వచ్చేసరికి అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కేశాయి, చివరి రెండు వరసల్లో పేర్లు కూడా లేవు, ఒక సిపాయి బిడ్డ, ఇంకో బిడ్డ, అంతే. ఆ పాస్టరు మీద కోపం తెచ్చుకోలేకపోయాను.

చార్టులో ఆ తల్లి గడిలో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను. పాస్ ఇంకా 19 రోజులుంది. పక్క ఊరి రిజిస్టర్ తెరుస్తున్నాను.