కాస్త ఇటు తిరిగి కొట్టుకోండి

మొన్న మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళిలో తలంబ్రాల ఘట్టం నడుస్తోంది. పెళ్ళికూతురు మొదటి దోసిలే మంచి ఊపు మీద పోసింది. పెళ్ళికొడుకు కళ్ళద్దాల సందులోంచి బియ్యం కళ్ళలో పడ్డాయి. అతను నిజంగానే బిత్తరపోయాడు, నిజంగానే పౌరుషం తెచ్చుకున్నాడు, దోసిలితో పనేముందని పళ్ళెం ఎత్తి కుమ్మరించేశాడు. పందిరంతా గొల్లుమంది. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫరు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"సార్, ఫ్లాష్ పడలేదు. ఇంకోసారి. మేడమ్, కాస్త ఇటు తిరిగి కొట్టండి. నవ్వుతూ."

రెండోసారి వాళ్ళిద్దరూ హాజరుపట్టీలో సంతకాలు పెడుతున్నట్టు తలంబ్రాలు పోసుకున్నారు. ఆల్బంలో ఉన్నది ఆ రెండోదే. అందరూ చూసి "ఎంత సహజంగా వచ్చిందో" అన్నారు.

ఆ పూట భోజనాల దగ్గర కూర్చుని నేను చాలా గంభీరంగా ఆలోచించాను. పోరాటం అనేది పచ్చి సరుకు. ఉన్నదున్నట్టు ఫోటోకి పనికిరాదు. కొట్టుకునేవాళ్ళకి బాధ్యత ఉండదు. వెలుతురు ఎటు ఉందో చూసుకోరు, కెమెరాకి వీపు పెడతారు, దుమ్ము లేపుతారు. అన్నిటికంటే ఘోరం, మనం లెన్సు మూత తీసేలోపే అయిపోగొడతారు. కాబట్టి ప్రతి పోరాటానికీ ఒక సర్దుబాటుదారుడు ఉండాలి. ఉన్నాడు కూడా. మనమే గుర్తించి గౌరవించడం లేదు.

ఈ వృత్తికి ఆద్యుల్లో ఒకరిగా నేను రోజర్ ఫెంటన్ గారిని ప్రతిపాదిస్తున్నాను. 1855లో క్రిమియా యుద్ధానికి ఈ ఇంగ్లీషు పెద్దమనిషి కెమెరా పట్టుకుని వెళ్ళాడు. ఒక ద్రాక్షసారా వ్యాపారి దగ్గర పాత గుర్రబ్బండి కొని, దాన్నే డార్క్ రూముగా మార్చుకున్నాడు. అప్పటి గాజు పలకల మీద బొమ్మ పడాలంటే ఎదుటిది కొన్ని సెకన్లపాటు కదలకూడదు. కదలకుండా యుద్ధం చేసే సైన్యం ఏ దేశానికీ లేదు గనక, ఆయన ఒక లోయని ఫోటో తీశాడు. మనుషులెవరూ లేరు, ఫిరంగిగుళ్ళు మాత్రం ఉన్నాయి. సైనికులు దాన్ని చావులోయ అనేవాళ్ళు.

ఆ లోయకి ఒకే చోటు నుంచి తీసిన ఫోటోలు రెండున్నాయి. ఒకదాంట్లో గుళ్ళన్నీ రోడ్డు పక్క గుంటలో పడి ఉంటాయి, రోడ్డు ఖాళీ. రెండోదాంట్లో రోడ్డు నిండా గుళ్ళే. లోకంలో పేరు తెచ్చుకున్నది రెండోది. ఏది ముందు తీశారన్నది పెద్ద వివాదమైంది. ఎరోల్ మోరిస్ అనే అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు ఏకంగా క్రిమియా దాకా వెళ్ళొచ్చాడు. చివరికి గుట్టు విప్పింది ఫిరంగిగుళ్ళు కాదు, ఆ ఫోటోల్లోనే పక్కవాలు మీదున్న చిన్న చిన్న రాళ్ళు. రోడ్డు నిండిన ఫోటోలో అవి కాస్త కిందికి జారి ఉన్నాయి. రాళ్ళు కిందికి జారతాయిగానీ పైకి ఎక్కవు. కాబట్టి ఖాళీ రోడ్డే ముందు. ఆ తర్వాతే ఎవరివో కాళ్ళు అటూ ఇటూ తిరిగాయి, గుళ్ళు రోడ్డెక్కాయి. పెళ్ళి ఫోటోగ్రాఫరు "ఇంకోసారి" అన్నందుకు మనం విసుక్కుంటాం గానీ, చూడండి, ఎంత పెద్ద వంశవృక్షం ఉందో.

తొంభై ఏళ్ళ తర్వాత, 1945 మే 2న బెర్లిన్ పార్లమెంటు భవనం మీద సోవియట్ జెండా ఎగిరిన ఫోటో సంగతీ అంతే. అది తీసిన సోవియట్ ఫోటోగ్రాఫరు యెవ్‌గెనీ ఖల్దేయ్ జెండాని వెంట తీసుకెళ్ళాడు. తెలిసిన దర్జీ చేత ఎర్రటి టేబుల్ క్లాత్‌తో కుట్టించిన జెండా అది. అక్కడ దొరుకుతుందో లేదో అని ముందుచూపు. పెళ్ళికి వెళ్తూ మంగళసూత్రం ఫోటోగ్రాఫరే పట్టుకెళ్ళినట్టన్నమాట. ఫోటోలో ఒక సైనికుడి రెండు చేతులకీ చెరో వాచీ కనిపించింది. విముక్తి చేసేవాడికి అన్ని వాచీలు ఎక్కడివన్న ప్రశ్న వస్తుంది గనక నెగటివ్ మీద సూదితో ఒకటి గీకేశారు. పొగ చాలలేదని నేపథ్యంలో కాస్త పొగ కూడా చేర్చారు. మసాలా సరిపోయింది.

ఇక మా ఇంటి సర్దుబాటుదారుడి దగ్గరికి వస్తాను. మా బావమరిది సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు. శనివారం రాత్రయితే రెండో ప్రపంచయుద్ధంలో ఉంటాడు. ప్లాస్టిక్ ట్యాంకులు కడతాడు. కడతాడు అంటే మూడేళ్ళుగా ఒకటే కడుతున్నాడు. ఇంకో పద్దెనిమిది డబ్బాలు అల్మరా మీద, సీలు తీయకుండా, యుద్ధం ఎప్పుడు ప్రకటిస్తారా అని చూస్తున్నాయి. వాళ్ళావిడ వాటిని సూట్‌కేసుల సామాననుకుంటోంది. ఆ ఒక్క విషయంలో సైనిక రహస్యం ఇంకా పదిలంగానే ఉంది.

ఆ ట్యాంకు 1/35 స్కేలు. అంటే అసలు ట్యాంకులో ముప్పై ఐదో వంతు. ఈ ముప్పై ఐదు ఏ లెక్కలోంచి ఊడిపడిందని అడిగాను. ఏ సైనిక శాస్త్రంలోంచో అనుకున్నా. కాదట. 1960ల మొదట్లో జపాన్‌లో టమియా కంపెనీ జర్మన్ పాంథర్ ట్యాంకు బొమ్మని మోటారుతో నడిచేలా చేసింది. లోపల రెండు బ్యాటరీలు, ఒక మోటారు పట్టాలి. అవి పట్టే పొట్ట కొలిస్తే వచ్చిన స్కేలది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ దాన్నే పట్టుకున్నాయి. ఇప్పుడు లోకంలో బల్లల మీద జరిగే ట్యాంకు యుద్ధాలు చాలామటుకు రెండు బ్యాటరీల చుట్టుకొలతతో జరుగుతున్నాయి.

అయితే అసలు విద్య కట్టడంలో లేదు, పాడుచెయ్యడంలో ఉంది. దీన్ని వాళ్ళు వెదరింగ్ అంటారు. ముందు ట్యాంకుకి పెళ్ళికారుకి వేసినంత శ్రద్ధగా రంగు వేస్తారు. ఆరాక స్పాంజి ముక్కతో పెచ్చులు ఊడినట్టు చుక్కలు పెడతారు. సన్న కుంచెతో తుప్పు కారిన చారలు గీస్తారు. తర్వాత బురద. బురదని మా బావమరిది కొంటాడు. బుల్లి సీసాలో, విదేశాల నుంచి తెప్పించుకుని, 450 రూపాయలకి. మొన్న జూలైలో వాళ్ళ గల్లీలో మోకాలి లోతు బురద. స్కూలు ఆటో దిగబడిపోతే నేనూ, కిరాణా కొట్టాయనా తోస్తున్నాం. వీడు మేడ మీద కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళకి భూతద్దం కట్టుకుని, ట్యాంకు చక్రాలకి కొన్న బురద పూస్తున్నాడు.

"కిందికొచ్చి చెయ్యి వెయ్యరా" అని అరిచాను.

"రాలేను బావా. ఇది తడారిపోతుంది. అయినా మన బురద రంగు వేరు, ఇది తూర్పు ఐరోపా బురద."

ఆటో మనదే కాబట్టి మన బురదలోనే ఉండిపోయింది.

ఇలాంటివాళ్ళని చూసి నవ్వకండి. విశాఖ ఆర్కే బీచిలో కురుసుర జలాంతర్గామిని చూశారుగా. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో రిటైరై, మరుసటి ఏడాదికల్లా మ్యూజియం అయిపోయింది. 91 మీటర్ల పొడుగు. ముప్పై ఏళ్ళపాటు దాని ఉద్యోగమే ఎవరికీ కనబడకుండా ఉండడం. ఇప్పుడు ఊళ్ళో దానికన్నా ఎక్కువ సెల్ఫీల్లో పడే ఉద్యోగి ఇంకొకరు ఉండరు. టార్పెడో గొట్టాల ముందు నిలబడి రెండు వేళ్ళు చూపించే కుర్రాళ్ళని తప్పుపట్టను. అక్కడ నిలబడితే ఇంకేం చెయ్యాలో ఎవరికి మాత్రం తెలుసు?

మనుషులు ఏదో ఒకలా సర్దుకుంటారు. అసలు చిక్కు జంతువులతోనే. వాటికి ఒక వైపు తిరిగి కొట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. మా డాబా మీద రెండు గోరింకలు రోజూ కాళ్ళూ కాళ్ళూ మెలేసుకుని నేలమీద దొర్లుతూ పొడుచుకుంటాయి. కెమెరా కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి ఒకటి యాంటెన్నా మీద, ఒకటి నీళ్ళ ట్యాంకు మీద, ఏమీ ఎరగనట్టు. మూడు ఆదివారాలు కాపు కాశాను. లండన్‌లో శామ్ రౌలీ అనే ఆయన వారంపాటు రాత్రిళ్ళు భూగర్భ రైలు ప్లాట్‌ఫారం మీద బోర్లా పడుకున్నాడు. ఒక తిండి తునక కోసం రెండు చిట్టెలుకలు క్షణకాలం ముష్టియుద్ధం చేస్తే పట్టుకున్నాడు. 2020లో ఆ ఫోటోకి వన్యప్రాణి ఫోటోల పోటీలో జనం మెచ్చిన బహుమతి వచ్చింది. నేను బోర్లా పడుకోలేదు. డాబా కడిగించి చాలా రోజులైంది.

ఓపిక లేనివాళ్ళకీ దారులున్నాయి. అదే పోటీలో 2017లో ఒక ఫోటో గెలిచింది. బ్రెజిల్‌లో, రాత్రివేళ, మెరిసే లార్వాలతో దీపావళిలా వెలుగుతున్న చెదపుట్ట మీదికి ఒక చీమలతినే జంతువు దండెత్తి వస్తోంది. పేరు కూడా రాత్రి దాడికొచ్చిన వీరుడు అనే అర్థంలో పెట్టారు. మరుసటి ఏడాది ఎవరికో అనుమానం వచ్చింది. ఆ వీరుడి వెంట్రుకల మచ్చలు, మెడ వంపు, తలమీద కుచ్చు, అన్నీ ఆ పార్కు గేటు దగ్గర ప్రదర్శనకి పెట్టిన గడ్డి కూరిన బొమ్మతో అచ్చం పోలాయి. అయిదుగురు నిపుణులు విడివిడిగా చూసి రెండూ ఒకటేనన్నారు. ఫోటోగ్రాఫరు కాదన్నాడు. బహుమతి మాత్రం వెనక్కి తీసుకున్నారు. ఇది నాకు అన్యాయంగా తోచింది. వన్యప్రాణి, బొమ్మ, ఫోటో, దండయాత్ర నాలుగూ ఒకే చట్రంలో అంత పొందిగ్గా ఇంకెక్కడ కుదిరాయి?

జంతువులు మనకి తీరిగ్గా అవకాశమిచ్చే పోరాటం ఒకటుంది. దాన్ని మనమే పోరాటమని ఒప్పుకోం. పొలం గట్టు మీద రెండు జెర్రిపోతులు తాళ్ళలా పెనవేసుకుని, నడుమెత్తు లేచి, మళ్ళీ పడి, మళ్ళీ లేస్తుంటాయి. ఊరంతా ఫోన్లు ఎత్తుతుంది. "పాముల సయ్యాట" అని టీవీలో వేస్తారు, వెనక ప్రేమపాట. ఒకటి జెర్రిపోతు, రెండోది నాగుపాము, ఆలుమగలు అని ఒక పెద్దాయన తేలుస్తాడు. ఎవరో పెద్దమ్మ పరుగెత్తి కొత్త తువ్వాలు తెచ్చి వాటి మీదికి విసురుతుంది. ఆ గుడ్డ ఇంట్లో ఉంటే కలిసొస్తుందని. పాపం అవి రెండూ మగవే. ఒకదాని తలని ఇంకొకటి నేలకి నొక్కాలని కుస్తీ పడుతున్నాయి. కాటు వేసుకోవు. ఓడింది తలదించుకుని తుప్పల్లోకి వెళ్ళిపోతుంది. కత్తి కట్టేవాడు లేడు, పందెం కాసేవాడు లేడు, ఆసుపత్రి ఖర్చు లేదు. ఇంత మర్యాదగా కొట్టుకుంటే యుద్ధమని ఎవరు నమ్ముతారు? సంక్రాంతికి బరిలో కోడి కాలికి దారం బిగించి కత్తి కడితేగానీ మనకి పౌరుషం కనబడదు.

ఒక్క చోట నాకు వెటకారం రాదు. 1857 నవంబరులో లక్నోలో సికందర్‌బాగ్ అనే తోట మీద ఇంగ్లీషువాళ్ళు దాడి చేసి సుమారు రెండువేల మంది సిపాయీల్ని చంపారు. ఫెలీచే బియాటో అనే ఫోటోగ్రాఫరు కెమెరాతో అక్కడికి చేరింది నెలల తర్వాత, 1858లో. అప్పటికి అంతా సద్దుమణిగింది. ఆయన ఫోటోలో విరిగిన మేడ ముందు ఆవరణ నిండా ఎముకలు, పుర్రెలు. అవతల నలుగురు మనుషులు, ఒక గుర్రం, కదలకుండా. ఫోటో కోసమే ఆ ఎముకల్ని బయటికి తీయించారని అప్పటివాళ్ళే రాశారు. కాస్త ఇటు తిరగమని చెప్పడానికి కూడా కొట్టుకున్నవాళ్ళెవరూ అక్కడ మిగల్లేదు.

కిందటి ఆదివారం మా బావమరిది ట్యాంకు పూర్తయింది. ఫోటో తియ్యాలి, బయట, అసలు మట్టిలో. చివరికి మన మట్టే గతైంది. పెరట్లో మందారమొక్క కింద తడి నేల చదును చేసి, గులకరాళ్ళు ఒక్కొక్కటే పట్టకారుతో పేర్చాడు. నేను బోర్లా పడుకుని కెమెరా నేలకి ఆనించాను. ఇంతలో ట్యాంకు గొట్టం నీడలో ఏదో కదిలింది. చచ్చిన మిడతని ఒకవైపు నుంచి ఎర్రచీమలు, ఇంకోవైపు నుంచి గండుచీమలు లాగుతున్నాయి. ఒక గండుచీమ కాలు పట్టుకుని మూడు ఎర్రచీమలు వేలాడుతున్నాయి. అది వాటిని ఈడ్చుకుంటూనే ట్యాంకు చక్రం ఎక్కింది. ఇన్నాళ్ళకి ఎవరూ సర్దని యుద్ధం!

"ఊదెయ్ బావా, ఊదెయ్" అన్నాడు వీడు. "స్కేలు చెడిపోతుంది. ఈ లెక్కన ఆ గండుచీమ కుక్కపిల్లంత ఉంటుంది."

"ఉండరా, నొక్కుతున్నా" అన్నాను. నొక్కలేదు. ఎర్రచీమల రెండో దళం అప్పటికే నా మోచేతుల మీదుగా చొక్కాలోకి ప్రవేశించింది. లేచాను, గెంతాను, వీపు మీద కొట్టుకున్నాను. వీడు నా చొక్కా లాగబోయి కాలితో ట్యాంకు మీద నిలబడ్డాడు.

గుమ్మంలో మా ఆవిడ, చేతిలో ఫోను.

"ఏవండీ, నీడలో ఏం కనబడట్లేదు. కాస్త ఇటు తిరగండి."