తక్షణమే వడ్డీ ఇచ్చే హుండీ

పాతకాలపు ఇనుప హుండీలు సేకరించే పెద్దమనుషుల మీద, జాతుల్ని వెక్కిరించే బొమ్మల్ని ముచ్చటగా దాచుకుంటారని ఈమధ్య లేనిపోని నిందలు పడుతున్నాయి. వారి తరఫున నాలుగు మాటలు చెప్పేవాళ్లు ఎవరూ లేరు కనుక ఆ బరువు నేనే ఎత్తుకుంటున్నాను.

అమెరికాలో అంతర్యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు పోత ఇనుముతో మర హుండీలు వచ్చాయి. జాన్ హాల్ అనే ఆయన 1869లో పేటెంటు పుచ్చుకున్నాడు, కనెక్టికట్‌లోని క్రామ్‌వెల్ ఊళ్లో స్టీవెన్స్ కంపెనీ పోత పోసింది. ఊరికే చిల్లర వేసుకుంటే పిల్లలకు విసుగు. అందుకే నాణెం పెట్టి మీట నొక్కగానే బొమ్మ ఏదో ఒక ఆట ఆడేది.

వాటిలో పేరుమోసిన బొమ్మకు 1882లో పేటెంటు వచ్చింది. చేసింది న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలోని షెపర్డ్ కంపెనీ. నడుము పైనుంచి ఒక నల్లజాతి మనిషి, ఎర్ర చొక్కా, చెవుల దాకా సాగదీసిన పెదవులు. అరచేతిలో నాణెం పెట్టి వెనక మీట నొక్కితే చెయ్యి నోటిదాకా లేస్తుంది, నాలుక లోపలికి పోతుంది, కనుగుడ్లు గిర్రున పైకి తిరుగుతాయి. నాణెం గుటుక్కుమంటుంది. దాని పేరు ఇక్కడ రాయను. సేకర్తలూ సభ్యత తెలిసినవాళ్లే, అందులోని తిట్టును ఒక్క అక్షరానికి కుదించి పలుకుతారు. బొమ్మను మాత్రం కుదించరు.

ఇందులో ఉన్న ఆర్థిక సూత్రాన్ని విమర్శకులు గమనించడం లేదు. మామూలు బ్యాంకులో వేస్తే వడ్డీకి ఏడాది ఆగాలి. ఈ హుండీ అక్కడికక్కడే చెల్లిస్తుంది: ఒక నాణేనికి, తనకన్నా తక్కువవాడని నమ్మిన మనిషిని చూసి ఒక నవ్వు. అసలు భద్రం, వడ్డీ రొక్కం. అయిదేళ్ల పిల్లాడికి ఇంత తేలిగ్గా లెక్కలు నేర్పిన బడి నాకు తెలిసి లేదు.

పక్షపాతం చూపారని కూడా అనలేం. అదే 1882లో స్టీవెన్స్ వాళ్లు ఐరిష్‌వాడి బొమ్మకు పేటెంటు తీసుకున్నారు. ఒళ్లో పందిని పెట్టుకుని కూచుంటాడు. పంది ముక్కు మీద నాణెం పెట్టి మీట నొక్కితే అది కాలితో ఎగరేసి అతని నోట్లో వేస్తుంది. చైనావాడి బొమ్మదీ అదే ఏడాది పేటెంటు. దుంగకు జారగిలబడి ఉంటాడు, నాణెం వేస్తే చేతిలో దాచిన పేకముక్కలు, అన్నీ ఆసులే, చూపిస్తాడు. దుంగ చివర ఎలుక. చైనా కూలీలు దేశంలో అడుగుపెట్టరాదని అమెరికా చట్టం చేసిందీ ఆ ఏడాది మే నెలలోనే. పెద్దలకు చట్టం, పిల్లలకు బొమ్మ. ఎవరి వయసుకు తగ్గది వాళ్లకు.

ఇక గిట్టనివాళ్లు తవ్వి తీసే సంగతి ఒకటుంది. 1865లో బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్ల కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. సంతకం చేసింది సాక్షాత్తు లింకన్. చాకిరేవుల్లో, పత్తిచేలల్లో సంపాదించిన సెంట్లు జనం తెచ్చి పోశారు. పైనున్న పెద్దలు ఆ డబ్బును తమవాళ్లకీ రియల్ ఎస్టేటుకీ అప్పులిచ్చారు. బ్యాంకు మునిగిపోయే ముందు నల్లవాళ్ల పేరుమోసిన నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను దానికి అధ్యక్షుడిగా కూచోబెట్టారు. ఆయన తన సొంత డబ్బు 10,000 డాలర్లు పోసినా అది నిలబడలేదు. 1874 జూన్‌లో తలుపులు మూసుకున్నాయి. అప్పటికి సుమారు 61,000 మంది ఖాతాదార్ల సొమ్ము, దాదాపు 30 లక్షల డాలర్లు, అందులో ఉంది. కొందరికి కొంత తిరిగొచ్చింది, చాలామందికి అదీ లేదు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి బఫెలోలో నాణేలు మింగే బొమ్మ తయారైంది. మింగేవాడు నల్లవాడు! చరిత్రను తిరగేసి పోత పోయడానికి ఎంత నైపుణ్యం కావాలో ఆలోచించండి.

సేకర్తల దృష్టి ఇలాంటి చిల్లర విషయాల మీదికి పోదు. వాళ్లు చూసేది రంగు. మనిషి రంగు కాదు, పెయింటు. పెదవి మీద ఎరుపు ఎంత శాతం నిలిచింది, కంటి తెలుపు తర్వాత ఎవరైనా పూశారా అని భూతద్దం పెట్టి చూస్తారు. నకిలీల బాధ ఎక్కువ కూడాను. అసలు బొమ్మనే అచ్చుగా వాడి పోత పోస్తే చల్లారేటప్పుడు ఇనుము కాస్త ముడుచుకుంటుంది, నకిలీ పిసరంత పొట్టిదవుతుంది. అందుకే కొలబద్ద లేకుండా ఎవరూ కొనరు. అవమానం పూర్తి కొలతల్లో ఉంటేనే ధర.

డేవిడ్ పిల్‌గ్రిమ్ పేరు ఎత్తితే మాత్రం వీళ్లకు ఊపిరొస్తుంది. ఆయన నల్లజాతి ఆచార్యుడు. చిన్నప్పుడు అలబామాలో తనవాళ్లను వెక్కిరించే వస్తువొకటి కొని అక్కడే నేలకేసి కొట్టాడు. పెద్దయ్యాక అలాంటివి వేలల్లో పోగేసి మిషిగన్‌లోని ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ క్రో మ్యూజియం పెట్టాడు (నల్లవాళ్లను వేరుగా ఉంచిన అమెరికా చట్టాలకు జిమ్ క్రో అని పేరు). ‘చూశారా, ఆయనా దాచుకున్నాడు!’ అంటారు మనవాళ్లు. నిజమే. ఆయన ఒక్కో వస్తువు పక్కన దాని వెనకున్న హింసను రాసి పెడతాడు, వీళ్లు ధర రాసి పెడతారు. రెండూ రాతే కదా.

పేటెంటు కార్యాలయానికి నాదో నమూనా. పోత ఇనుముతో కళ్లజోడు పెద్దమనిషి, ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో కొలబద్ద. నాణెం పెట్టి మీట నొక్కితే భూతద్దం పైకి లేస్తుంది, కనుగుడ్లు గిర్రున పక్కకు తిరుగుతాయి, నోరు తెరుచుకుంటుంది: ‘పెయింటు తొంభై శాతం ఒరిజినల్!’