‘పిల్లల కోసం ఓర్చుకో’ అనే సలహాలో నిజమెంత?

“సంసారమన్నాక నాలుగు దెబ్బలు తప్పవు, పిల్లల కోసమైనా ఇల్లాలు ఓర్చుకోవాలి” అని బోధించే సందేశం ఒకటి వాట్సాప్‌లో చేతులు మారుతూనే ఉంది. పసివాళ్లకు ఇవేవీ తెలియవనీ, బిడ్డల జోలికి పోనంతవరకు భార్యను కొట్టే భర్త మంచి తండ్రేననీ, ఇదంతా తాగుబోతుల ఇళ్ల గొడవేననీ, చట్టం దగ్గరికి వెళితే కాపురం కూలుతుందనీ అందులోని వాదన. పిల్లల పేరు చెప్పి తల్లిని ఆపుతున్నారు కనుక ముందు పిల్లల సంగతే చూడాలి.

పసివాళ్లకు తెలియదన్న మాట నిలవదు. అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడాదిలోపు శిశువులకు నిద్రలో కోపపు గొంతును వినిపిస్తూ మెదడును స్కాన్ చేసి, ఆ ఫలితాలను 2013లో ప్రచురించారు. తల్లిదండ్రుల తగాదాలు ఎక్కువగా ఉన్న ఇళ్ల శిశువులలో ఒత్తిడికీ ఉద్వేగాలకూ సంబంధించిన మెదడు భాగాలు మరింత తీవ్రంగా స్పందించాయి. అక్కడ కొలిచింది మాటల గొడవలనే తప్ప దెబ్బలను కాదని గమనించాలి. కుటుంబ హింసను చవిచూసిన పిల్లలకు కోపంతో ఉన్న ముఖాలను చూపినప్పుడు, యుద్ధానికి వెళ్లివచ్చిన సైనికులలో కనిపించే తరహా స్పందనే వారి మెదడులోనూ కనిపించిందని లండన్ యూనివర్సిటీ కాలేజీ బృందం 2011లో తెలిపింది. ఇంట్లో ఇది పక్క తడపడంగా, రాత్రి ఉలిక్కిపడి లేవడంగా, బడి వేళకు వచ్చే కడుపునొప్పిగా బయటపడుతుంది. మనం దాన్ని పిల్లవాడి మొండితనం కింద జమకట్టి మరో రెండు తగిలిస్తాం. తల్లిపై హింసను చూడడాన్ని బాల్యపు హానికర అనుభవాలలో ఒకటిగా లెక్కించిన 1998 నాటి అమెరికా అధ్యయనంలో, అటువంటి అనుభవాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక కుంగుబాటు, మద్యపాన వ్యసనం, గుండెజబ్బుల ముప్పు కూడా పెరుగుతూ వచ్చింది.

ఇక ‘మంచి తండ్రి’ సంగతి. గర్భిణిపై పడిన దెబ్బ వల్ల గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. అంటే అతడు బిడ్డ జోలికి పోలేదన్న మాట బిడ్డ పుట్టకముందే అబద్ధం కావచ్చు. తండ్రి తల్లిని కొట్టడం చూస్తూ పెరిగిన స్త్రీలు తామూ భర్త చేతిలో హింసకు గురయ్యే అవకాశం ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు మళ్లీ మళ్లీ చూపాయి.

తాగుడు హింసను పెంచుతుందన్నది నిజమే, కానీ తాగని భర్తల ఇళ్లలోనూ అది ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18-49 ఏళ్ల వివాహితలలో, భర్త తాగేవాడైనా కాకున్నా అందరినీ కలిపి చూస్తే, భర్త హింసను ఎదుర్కొన్నవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం.

చట్టం గురించిన భయం మాత్రం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. భార్యపై భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని శిక్షించే, అప్పటి శిక్షాస్మృతిలోని 498-ఎ సెక్షన్ కింద యాంత్రికంగా అరెస్టులు చేయరాదని సుప్రీంకోర్టే 2014లో ఆదేశించింది. అయితే దేశంలో శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమేనని పై సర్వేనే చెబుతోంది; ఆడవాళ్లు అయినదానికీ కానిదానికీ కోర్టుకెక్కుతున్నారని కొందరు అనే మాట ఈ అంకె ముందు వెలవెలబోతుంది. పైగా 2005 గృహహింస చట్టం ప్రధానంగా సివిల్ రక్షణలు ఇచ్చేది. హింసకు పాల్పడరాదని మెజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే దాని కింద జైలు మాట వస్తుంది. దెబ్బలు తినడమా, విడాకులు తీసుకోవడమా అని ఈ సందేశం రెండే దారులు చూపుతోంది. ఆ చట్టం కింద భార్య విడాకులు కోరకుండానే రక్షణ ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ అడగవచ్చు. కాపురముంటున్న ఇంట్లోనే ఉండే హక్కు ఆమెకు ఉంది, అవసరమైతే ఆ ఇంటి నుంచి బయటికి వెళ్లమని మెజిస్ట్రేటు భర్తనే ఆదేశించవచ్చు.