మాగ్డెబుర్గ్‌లో మా రామాలయం

నిన్న పొద్దున్నుంచి ఇంట్లోనే ఉన్నాను. స్నానం కూడా వాయిదా వేసుకున్నాను. అయినా సాయంత్రం పోస్టు డబ్బాలో కార్డు: మీరు ఇంట్లో లేరు, పార్సిల్ ఫలానా కొట్టులో తీసుకోండి. బెల్లు మీద వేలు పెట్టకుండానే నేను లేనని తేల్చేసిన ఆ డెలివరీ బాబుని ఏమనాలో జర్మన్‌లో నాకింకా రాదు.

జర్మనీలోని ఈ మాగ్డెబుర్గ్‌లో మా వైపు సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్మే కొట్టే పార్సిల్ కౌంటరు కూడా. బయల్దేరుతుంటే పక్క గది అన్న ఆపాడు. బీ వన్ అనే జర్మన్ భాష పరీక్ష పాసైన దగ్గర్నుంచీ ఆయనకి పాఠాలు చెప్పే జబ్బు పట్టుకుంది. "ముందు మర్యాదగా ఇలా అడుగు: బ్రౌఖె ఇష్ డాఫ్యుర్ ఐనెన్ ఔస్‌వైస్? దీనికి గుర్తింపు కార్డు కావాలా అని." దారంతా జపించాను. ట్రామ్ స్టాపులో ఒక ముసలావిడ నన్ను చూసి కాస్త పక్కకి జరిగింది.

తీరా నా వంతు వచ్చేసరికి కంగారులో పాస్‌పోర్టు ముందే ఇచ్చేశాను. అంతసేపు వల్లించిన వాక్యం ఊరుకుంటుందా? కౌంటర్లో ఆవిడ నా పాస్‌పోర్టు తెరిచి ఫొటో చూస్తుండగా, ఒక్క అక్షరం తడబడకుండా, దీనికి గుర్తింపు కార్డు కావాలా అని అడిగాను.

ఆవిడ పాస్‌పోర్టు వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ పాస్‌పోర్టు వైపు. వెనక క్యూలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఇంత బాగా అడిగినవాడికి జవాబూ అర్థమవుతుందనుకుంది పాపం, గడగడా చెప్పుకుపోయింది. అన్న ప్రశ్న నేర్పాడు గానీ, జవాబు సంగతే ఎత్తలేదు. అందులో నాకు దొరికింది "ఆడ్రెస్సె" ఒక్కటే.

దొరికిందే చాలని పాస్‌పోర్టు చివరి పేజీ తిప్పాను. అమ్మానాన్నల పేర్ల కింద అడ్రస్ ఉంది మరి. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుంది. ఇక్కడ అడ్రస్ అంటే వీధి పేరు, ఇంటి నంబరు, ఐదంకెల పిన్‌కోడ్, ఊరు. మాది నెల్లూరు. ఇంటి నంబరులోనే మూడు డ్యాషులు, ఒక స్లాషు. ఆపైన రామాలయం ఎదురు సందు. వేలు పెట్టి కూడబలుక్కుంది. "రా... మా... లా... యమ్?"

"యా," అన్నాను.

కంప్యూటర్లో కొట్టి చూసింది. తల అడ్డంగా ఊపింది. పక్కన లాటరీ టికెట్ గీకుతున్న పెద్దాయన్ని అడిగింది. ఆయన గీకడం ఆపి, బాగా ఆలోచించి, ఊరవతలికి చెయ్యి చూపించాడు. క్యూలో ఇంకొకాయన కాదు కాదంటూ ఎల్బె నది వైపు చూపించాడు. వాళ్లిద్దరికీ మాటామాటా పెరిగింది. నెల్లూరు రామాలయం కోసం!

ఇక్కడి అడ్రస్ ఉన్న రెసిడెన్స్ కార్డు ఇంట్లో టేబుల్ మీద ఉంది. ఆ ముక్క చెప్పడానికి నా దగ్గర వాక్యం లేదు.

పార్సిల్ ఇంకా అక్కడే ఉంది. "ప్రశ్న పనిచేసిందా?" అని వంటింట్లోంచి అరిచాడు అన్న. ఇంకోటి నేర్పేలోపే గది తలుపు వేసేసుకున్నాను.